బస్సు రంగు బండ

ఎలక్షన్లప్పుడు సుంకప్ప ఒక పార్టీకి అమ్ముడుపోయి, క్రాసులోని బండకు ఆ పార్టీ రంగు పూశాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పార్టీ అన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. వీళ్లు చెబితే వాళ్ల పార్టీ, వాళ్లు చెబితే వీళ్ల పార్టీ. "కాళ్లు లేకపోతేనేం, తెలివి మాత్రం ఊరందరిదీ వాని దగ్గరే ఉండాది" అని ఎర్రన్న టీకొట్టు దగ్గర నవ్వుకుంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా ఎదురుగా వసారాలో సువర్ణ కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి మళ్లీ నడుస్తుంది.

కంబదూరు నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో, ఊరి దారి రోడ్డును కలిసే క్రాసులోనే ఉంది సువర్ణ వాళ్ల ఇల్లు. ఎనిమిదిలో బడి మానినప్పటి నుంచి సువర్ణ లోకమంతా ఆ వసారాలోంచి కనిపించినంతే. ఎవరు ఏ బస్సు ఎక్కారో, ఎవరు ఏ ముఖంతో దిగారో ఆమెకు తెలుసు. పదిమందిలో నోరు తెరవడమే తెలియదు.

సుంకప్పకు మూడేళ్లప్పుడు పోలియో వచ్చింది. అరచేతుల కింద పాత టైరు ముక్కలు పెట్టుకుని నేల మీద పాకుతూ నడుస్తాడు. కళ్యాణదుర్గంలో రోడ్డు పక్క కట్టిన టార్పాలిన్ పట్ట కింద కూర్చుని స్టవ్వులు, కుక్కర్లు బాగు చేస్తాడు. విజిల్ ఊదిన తీరు విని కుక్కర్ జబ్బు చెప్పేస్తాడని పేరు. రోజూ పొద్దున మూడుచక్రాల బండి చేతులతో తిప్పుకుంటూ క్రాసుకు వచ్చి, దాన్ని సువర్ణ వాళ్ల చూరు కింద వదిలి బస్సు ఎక్కేవాడు.

ఎక్కడమంటే, ఎవరో ఒకరు ఎక్కించడమే. సాయంత్రం కళ్యాణదుర్గం బస్టాండులో ప్లాట్‌ఫారం ఎత్తుగా ఉంటుంది కాబట్టి అక్కడ తానే ఎక్కగలడు. మన క్రాసులో అంతా మన్ను. మెట్టు అందదు. "ఏయ్, మూట ఎక్కియ్యండప్పా!" అని ఎవరో అరిస్తే ఇద్దరు చెరోవైపు పట్టుకుని లేపేవాళ్లు. సుంకప్పా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

ఒకరోజు చూరు కింద బస్సు కోసం కాచుకుంటూ సువర్ణతో అన్నాడు: "ఎత్తేవాళ్లు మంచోళ్లే పాపా. కానీ చంకలో చెయ్యి పెట్టి లేపుతారు సూడు, అప్పుడు నేను మనిషినో మూటనో నాకే తెలీదు."

ఇంకొంచెం సేపటికి, "నీ టేపు ఒకసారి ఇయ్యి" అన్నాడు.

బస్సు వచ్చి ఆగాక ఆ టేపు మొదటి మెట్టుకు ఆనించి నేల దాకా కొలిచాడు. డ్రైవరు ఆదెన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం సుంకన్నా, బస్సుకు జాకెట్ కుట్టిస్తావా?" అన్నాడు.

"కుట్టిస్తాలే. నీకూ కొల్త తీస్తా, ఉండు."

వారం తిరగక ముందే, సరిగ్గా ఆ మెట్టంత ఎత్తున్న బండను, కూలిపోయిన ఒక పాత ఇంటిది, సుంకప్ప రోడ్డు పక్కకు తెప్పించాడు. వెనకవైపు దానికన్నా పొట్టిది ఇంకొక రాయి. సుంకప్ప పొట్టి రాయి మీదికి, దాని మీద నుంచి పెద్ద బండ మీదికి ఎక్కి కూర్చుంటాడు. బస్సు తలుపు సరిగ్గా బండ దగ్గర ఆగితే చాలు, పక్కకు జరిగి మెట్టు మీద కూర్చోవచ్చు. ఆపైన చేతుల బలం ఉంది.

కానీ మొదటి రోజు బస్సు మూడు గజాలు దాటిపోయి ఆగింది. రెండో రోజూ అంతే.

"ఈ దుమ్ములో ఈ రాయి నాకు యాడ కనపడతాదప్పా?" అన్నాడు ఆదెన్న. "ఏదన్నా రంగు పుయ్యి."

సుంకప్ప ఆ మాట సువర్ణ దగ్గరికి తెచ్చాడు. "బస్సుకు ఏం రంగో దీనికీ అదే పూద్దాం పాపా. దాని జతను అదే సూసుకోని నిలబడతాది."

అది ఆకుపచ్చ బస్సు, నడుమ తెల్ల పట్టీ. గుడ్డకు దారం జత కలపడం సువర్ణకు రోజూ ఉన్న పనే. మర్నాడు బస్సు ఆగినప్పుడు నాలుగు ఆకుపచ్చ రీళ్లు పట్టుకుని వెళ్లి, ఎవరూ చూడకుండా ఒక్కొక్కటే బస్సు రేకుకు ఆనించి చూసింది. మూడోది కలిసిపోయింది. సుంకప్ప ఆ రీలు జేబులో వేసుకుని వెళ్లి, రంగుల అంగట్లో చూపించి డబ్బా తెచ్చాడు. రీలు ఆమెకు తిరిగిచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎండకు క్రాసులో కాకి కూడా లేనప్పుడు సువర్ణ బండకు రంగు పూసింది. తెల్ల పట్టీ వంకర పోకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుంది. ఆమె చేసినది ఒకటి నలుగురు నడిచే రోడ్డు మీద నిలబడడం అదే మొదలు. ఎవరు పూశారో ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు సుంకప్ప ఎవరి చెయ్యీ తగలకుండా బస్సు ఎక్కాడు. లోపలికి చేరాక కండక్టరు కంటే ముందు తానే "రైట్, రైట్!" అని అరిచేవాడు.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి. గోడల మీద, జెండాల మీద, కండువాల మీద ఎక్కడ రంగు కనిపించినా జనం రెండుసార్లు చూసే రోజులు. ఒక మధ్యాహ్నం, ఒక పార్టీ కండువా వేసుకుని తిరిగే వీరేషు బండ ముందు నిలబడ్డాడు.

"ఈ రంగేంది ఈడ? మా కండ్ల ముందర వాళ్ల రంగు పెడితే ఊరుకుంటామా?"

"మాది గాదప్పా అది! మా రంగు ఇంత ముదురుండదు. మీవోళ్లే పూసి మా మీద పెడతాండారు" అన్నారు అవతలి పార్టీవాళ్లు.

గంటలో టీకొట్టు దగ్గర ఇరవైమంది చేరారు. పెద్దమనిషి హనుమంతప్పను పిలుచుకొచ్చారు. సుంకప్ప కళ్యాణదుర్గంలో ఉన్నాడు. పొద్దున అతను ఎక్కడం చూసినవాళ్లు ఆ గుంపులోనూ ఉన్నారు. అయినా ఆ రోజు వాళ్ల కళ్లకు బండ కనపడలేదు, రంగే కనపడింది.

"ఇది ఎవరు పూసినారో ఎవరికన్నా తెలుసునా?" అని గట్టిగా అడిగాడు హనుమంతప్ప.

సువర్ణ తలుపు వెనక నిలబడి ఉంది. గుప్పిట్లో ఆ దారం రీలు ఉంది. గడప దాటి పది అడుగులు వేసి గుప్పిలి తెరిస్తే చాలు. నాలుగింటికి వచ్చే బస్సుకు ఆనించి చూపితే పసిపిల్లలకైనా అర్థమవుతుంది.

"మనకెందుకే, లోపలికి రా" అంది తల్లి రామలక్ష్మమ్మ.

సువర్ణ లోపలికి పోయింది.

"ఎలక్షన్లు అయిపోయేదాకా తీసేద్దాం. అయిపోయినాక మళ్లీ పెట్టుకోవచ్చులే. గలాటా ఎందుకు?" అని తేల్చాడు హనుమంతప్ప. ఎవరి ట్రాక్టరో వచ్చింది. గొలుసు కట్టి బండను లాక్కుపోయి, ఊరి పక్కన ఎండిపోయిన వంకలో పడేశారు.

సాయంత్రం బస్సు దిగి రోడ్డు దాటిన సుంకప్ప, బండ ఉన్న చోట మిగిలిన గుంతను చేత్తో తడిమి చూశాడు. తర్వాత వసారా దగ్గరికి వచ్చాడు.

"అది ఎందుకు పెట్టినామో ఒక్కరన్నా చెప్పినారా పాపా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

నువ్వో, అని అతను అడగలేదు. బండి చక్రం తిప్పుకుంటూ పోయాడు. అడిగి ఉంటే బాగుండేదని సువర్ణకు ఈ రోజుకీ అనిపిస్తుంది.

మళ్లీ మూట ఎక్కించడం మొదలైంది. నాలుగో రోజు లేపేటప్పుడు సుంకప్ప పంచె జారింది. బస్సులో ఆడవాళ్లు ముఖం తిప్పుకున్నారు, మగవాళ్లు నవ్వారు. ఈసారి సుంకప్ప నవ్వలేదు. తర్వాతి వారం నుంచి క్రాసుకు రాలేదు. ఇంటి దగ్గరే కూర్చుంటే కుక్కర్లు ఎన్ని వస్తాయి? ఉన్నవే నలభై ఇళ్లు. కళ్యాణదుర్గంలో అతని పట్ట కింద ఇప్పుడెవరో చెప్పులు కుడుతున్నారట.

ఆదెన్న నెల రోజులు ఆ గుంత దగ్గరే బస్సు ఆపాడు. "సుంకన్న రాలేదా?" అని వసారా వైపు చూసి అడిగేవాడు. సువర్ణ తల అడ్డంగా ఊపేది. బస్సు వెళ్లిపోయేది. తర్వాత ఆదెన్నను వేరే రూటుకు వేశారు. ఎలక్షన్లు అయిపోయాయి. వాళ్లో వీళ్లో గెలిచారు, టపాకాయలు కాల్చారు. బండను మళ్లీ పెడదామన్న సంగతి హనుమంతప్పకు గుర్తు లేదు. గుర్తు చేయడానికి సువర్ణ రెండుసార్లు వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

పోయిన నెల ఈ రూటుకు కొత్త బస్సు వేశారు. నీలం రంగుది. దాన్ని ఎవరూ ఏ పార్టీదనీ అనలేదు.

అది క్రాసులో ఆగినప్పుడు సువర్ణ టేపు తీసుకుని వెళ్లి మొదటి మెట్టు దగ్గర వంగింది.

"ఏమ్మా, ఎక్కుతావా లేదా?" అన్నాడు కండక్టరు.

"కొలుస్తాండా" అంది సువర్ణ. బస్సులో ఉన్నవాళ్లంతా వినేంత గట్టిగానే వచ్చింది గొంతు.

అక్కడి నుంచి వంకలోకి దిగి, కంపచెట్ల మధ్య పడి ఉన్న బండను కూడా కొలిచింది. ఎండకు రంగు పెచ్చులుగా లేచిపోయింది. కొత్త బస్సు మెట్టు నేలకు పదహారు అంగుళాల ఎత్తులో ఉంది. బండ ఎత్తు కూడా పదహారు అంగుళాలే.