అల్లుడి తుపాకీకి కొబ్బరినూనె

మా అల్లుడు కోడిగుడ్డు కూడా ముట్టడు. అయినా ఇక్కడ అమెరికాలో ఆఫీసు మేనేజర్ పిలిచాడు కదా అని జింకల వేటకు సిద్ధమై, కొత్త రైఫిల్ కొన్నాడు. దాని బోల్ట్‌ను, అదే తూటా ఎక్కించే గడియను, పైకెత్తి తిప్పే పని లేదు, తిన్నగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలట. తీరా చూస్తే కొత్తది కావడంతో అది మొండికేసింది. లాగగా లాగగా వదులవుతుందని ఎవరో చెప్పారట. వారమంతా సోఫాలో కూర్చుని ఖాళీ తుపాకీని టకటకలాడించాడు. నా సీరియల్‌లో ఒక్క ఏడుపూ సరిగా వినపడలేదు. నిన్న ఉన్నట్టుండి బోల్ట్ సాఫీగా జారింది. ఇల్లంతా తిరిగి అందరికీ లాగి చూపించాడు.

ఈ రోజు మా బాతెల్ ఊరి చలిలో, షూటింగ్ రేంజ్‌లో, సరిగ్గా మేనేజర్ చూస్తుండగా అది కదలనే లేదట. వేట రేపే. మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“నిన్న దానికి ఏం చేశావు నాయనా?”

“కొంచెం ఆయిల్ వేశానండీ, అత్తయ్య గారూ.”

“ఏ ఆయిల్?”

“బాత్‌రూమ్‌లో మీరు వేణ్ణీళ్ళలో పెట్టిన కొబ్బరినూనె సీసా ఉంది కదండీ, అదే.”

“ఆ సీసా వేణ్ణీళ్ళలో ఎందుకుందనుకున్నావు? తలంటు పోసుకుంటోందనా?”

రెండు మాస్టర్స్ డిగ్రీలున్న మనిషి కాసేపు తీవ్రంగా ఆలోచించి, “అయితే రేపు ఫ్లాస్క్‌లో వేణ్ణీళ్ళు తీసుకెళ్తే సరిపోతుందాండీ?” అన్నాడు.

ఇక్కడి జింకలకు ఆయుష్షు గట్టిది. మీ అల్లుళ్ళూ ఇంతేనా, లేక ఈ భాగ్యం నా ఒక్కదానిదేనా? మొహమాటపడకుండా చెప్పండి.