నాలుక చూపించు

మొన్న ఖమ్మంలో మా వీధి చివర ఎవరో పాత పరుపు విప్పి దూదిని ఎండబోశారు. వేడెక్కిన పత్తికి ఒక పొడి వాసన ఉంటుంది, కొంచెం దుమ్ము, కొంచెం గింజల నూనె, ఎవరి ఒంటిదో పాత చెమట కలిసిన వాసన. అది ముక్కుకు తగలగానే నా నోరు ఎండిపోయింది.

మాది దమ్మపేట. దూదేకులవాళ్ళం. నాయన విల్లుతో దూది ఏకేవాడు, అమ్మ పరుపులు కుట్టేది. ఎనభైల చివర్లో రంజాన్ నడివేసవిలో వచ్చేది. అడవి వైపు నుంచి గాలి వీస్తే ఎండిన ఇప్పపువ్వు పులిసిన తీపి వాసన వచ్చేది, తునికాకు లారీలు ఎర్రటి దుమ్ము లేపుకుంటూ పోయేవి, ఇంట్లో కొత్తకుండ పక్కన కూర్చుంటే తాగకూడని నీళ్ళ చల్లదనం మోచేతికి తెలిసేది. సాయంత్రమయ్యేసరికి మసీదు పక్కన పెద్దమ్మ వాళ్ళ అరుగు మీద నానబెట్టిన పెసరపప్పు, శనగ గుగ్గిళ్ళు, పుచ్చకాయ ముక్కలు, యాలకులు దంచి వేసిన బెల్లం పానకం వరసగా చేరేవి. రోజాను మేం ఒక్కపొద్దు అనేవాళ్ళం.

పెద్దమ్మ అంటే నాయన అన్న భార్య. ఉర్దూ రాదని మమ్మల్ని సగం ముసల్మానులుగా చూసే ఇళ్ళు మా వీధిలోనే ఉండేవి. అందుకని మా వాళ్ళ భక్తికి కాపలా కాసే పని ఆమె తన నెత్తిన వేసుకుంది. ఆమె పరీక్ష నాలుక. అజాన్‌కు ముందు పిల్లలందరం అరుగు ముందు నిలబడి నాలుక చాపాలి. తెల్లగా ఎండి ఉంటే ఒక్కపొద్దు నిజం, తడిగా ఎర్రగా ఉంటే దొంగ. నిజమని తేలిన పిల్లల నోట్లో ఆమె తన చేత్తో ఖర్జూరం పెట్టేది. అది మొదటి ఒక్కపొద్దు అయితే మెడలో మల్లెదండ కూడా వేసేది.

నేను లావుగా ఉండేదాన్ని. అందరూ చీపురుపుల్లల్లా ఉన్న ఇంట్లో నేనొక్కదాన్నే అలా ఎందుకున్నానో ఎవరికీ తెలియదు, కారణం తిండేనని మాత్రం అందరూ అనేవాళ్ళు. "మీ అమ్మ కుట్టిన పరుపులల్ల గిదే పెద్దది" అనేవాళ్ళు పిల్లలు. పదో ఏట, ఆ దండ కోసమే, మొదటి ఒక్కపొద్దు ఉన్నాను. మధ్యాహ్నం కళ్ళు తిరిగినా కుండ వైపు చూడలేదు. సాయంత్రపు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చేసుకుంటూ, నేర్పిన ప్రకారమే నోరు పుక్కిలించి ఉమ్మేసి, అరుగు దగ్గరికి వెళ్ళి తడి నాలుక చాపాను.

"ఏందే గిది? ఒక్కపొద్దు ఉన్న నోరేనా?"

"ఉన్న పెద్దమ్మా. ఒట్టు."

"గీ ఒళ్ళు జూస్తే ఎవలన్న నమ్ముతరా? ఏడ దాసుకొని మింగినవో అల్లాకెరుక."

"పొద్దుగాల్నుంచి నా కండ్ల ముంగటే ఉంది అక్కా, సుక్క నీళ్ళు ముట్టలే" అంది అమ్మ.

"నీ బిడ్డాయె, నువ్వు గట్లనే అంటవ్."

దండ అదే రోజు మొదటి ఒక్కపొద్దు ఉన్న మా చిన్నాన్న కూతురు, సన్నటి జరీనా మెడలో పడింది. అన్నీ దేవుడికే ఎరుకనే మనుషులు నా కడుపులో ఏముందో మాత్రం తామే తేల్చేశారు. నా ఒళ్ళే నా మీద సాక్ష్యం చెప్పింది.

మర్నాడు కూడా తెల్లవారుజామున లేచి సహరీ తిన్నాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా వంటింట్లో చేరి సద్దన్నం, మామిడికాయ తొక్కు కడుపునిండా తిన్నాను. ఆకలితో కాదు, కోపంతో. పొద్దు వాలాక పరుపుల చాటున కూర్చుని, నాయన ఏకిన దూది పిడికెడు నోట్లో కుక్కుకున్నాను. ఉన్న తడంతా అది పీల్చేసింది. మింగబోతే గొంతులో గరుకు. తీసి పారేసి, నేరుగా అరుగు ముందుకు వెళ్ళి నాలుక చాపాను.

"అబ్బ, సూడుండ్రి! ఎట్ల ఎండిందో! ఒక్కపొద్దంటే గిది" అంది పెద్దమ్మ. దండ వేసింది, ఖర్జూరం పెట్టింది, నుదుటిమీద ముద్దు కూడా పెట్టింది. "నెలంత గిట్లనే ఉంటే మా పిల్ల సన్నవడ్తది" అని ఎవరో అంటే ఆడవాళ్ళంతా ప్రేమగానే నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా పెదవికి అంటుకున్న దూది పోగును, చెమట తుడిచినట్టు కొంగుతో తుడిచేసింది.

ఇంటికి వస్తూ దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిన్న నేను నమ్మిన గద బిడ్డా. గది సాలదా?"

"సాలదు" అన్నాను.

ఆ మాటను ఇప్పటికీ మార్చుకోలేదు. ఉపవాసమున్న రోజు దొంగనయ్యాను, తిన్న రోజు భక్తురాలినయ్యాను. ఉపవాసం మనిషికీ దేవుడికీ మధ్య సంగతని ఆ మతమే చెబుతుందని పెద్దయ్యాక చదువుకున్నాను. చదివాక కోపం ఇంకా పెరిగింది. పర్ణశాల గుడిలో ఏకాదశి ఉన్న లావుపాటి ఆమెను చూసి గుసగుసలాడిన ఆడవాళ్ళను చూశాను, చర్చి ఉపవాస ప్రార్థనలో ఒళ్ళున్న మనిషి మోకరిల్లి లేవలేకపోతే మోచేతులతో పొడుచుకున్నవాళ్ళనూ చూశాను. దేవుళ్ళు వేరు, ఆ చూపు ఒకటే. నాకు ఏ దేవుడూ మిగల్లేదు.

ఆ అరుగు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దూది ఏకే విల్లు చప్పుడు మా వీధిలో వినిపించదు. పెద్దమ్మా లేదు, అమ్మా లేదు. పిల్లల్ని నాలుక చాపమనేవాళ్ళు లేరు, పండగ రోజు "ఎన్ని కిలోలు తగ్గినవ్?" అని అడుగుతున్నారు. పోయిన రంజాన్‌కు ఊరు వెళితే తమ్ముడి కూతురు, అచ్చం నా ఒళ్ళే వచ్చిన పిల్ల, ఎదురొచ్చి "అత్తా, ఇయ్యాల నేను ఒక్కపొద్దున్న" అంది. లోపల వంటింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల అటు తిరగలేదు, నా మొహమే చూస్తూ నిలబడింది.

రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని హేతువాద సభల్లో గొంతు చించుకునే మనిషిని.

"అవ్ బిడ్డా, ఉన్నవ్" అన్నాను.