శామ్యూల్ అన్న వదులు చేసిన తీగలు

నిన్న ఉదయం ఫోన్‌లో ఆ వార్త విన్నప్పుడు నేను ఆశ్చర్యపోలేదు.

ఇప్పటికీ నన్ను వణికిస్తున్నది అదే.

శామ్యూల్ అన్న ఇక లేరు.

ఫోన్ రావడానికి కాస్త ముందు, ఉప్పల్‌లోని మా ఇంట్లో ఆయన తంబూరా మోగింది. గుడ్డ తొడుగులో, గోడకు ఆనించినది ఆనించినట్లే ఉండగా.

నేను పగలు ఉద్యోగం చేసి, సాయంకాలపు కళాశాలలో చదివి డిగ్రీ సంపాదించుకున్నవాడిని. ఆ సర్టిఫికెట్ మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. ఇటువంటి మాటలు తేలికగా రాసేవాడిని కాను. కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

ఆ బి.ఏ. మ్యూజిక్ క్లాసులో వయసు మీరినవాళ్లం మేమిద్దరమే. నేను గుమాస్తా. ఆయన నాచారంలో నూలు మిల్లు కార్మికుడు. యంత్రాల హోరుకు ఆయన కుడి చెవి దాదాపు పోయింది. అందుకని తంబూరా కుండకు ఎడమ చెవి ఆనించి కూర్చునేవారు.

అది దిండు కాదన్నా అని పిల్లలు ఆటపట్టిస్తే, "దిండైతే నిద్రొస్తుండె బిడ్డా, ఇది పండుకోనిస్తలేదు" అనేవారు.

క్లాసులో ఒక నియమం ఉండేది. చివరగా వెళ్లేవారు తంబూరా తీగలు వదులు చేసి, తొడుగు వేసి వెళ్లాలి. లేకపోతే దానికి విశ్రాంతి ఉండదని మా గురువుగారు అనేవారు.

ఆ పని ఎప్పుడూ అన్నదే.

డిగ్రీ చేతికొస్తే రామంతాపూర్‌లో ఒక స్కూలు వారు మ్యూజిక్ టీచర్‌గా తీసుకుంటామన్నారు. మిల్లు నుంచి బయటపడి, మిగిలిన ఆ ఒక్క చెవినీ కాపాడుకోవడానికి ఆయనకు వేరే దారి లేదు. కానీ మొదటిసారి ప్రాక్టికల్‌లో శ్రుతి తప్పి ఫెయిలయ్యారు.

రెండోసారి నేనూ తోడుగా వెళ్లి గది వెనక కూర్చున్నాను. ఆలాపన మధ్యలో కరెంట్ పోయింది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఆగిపోయింది.

అన్న ఆగలేదు.

అప్పుడు మూలనున్న మా క్లాసు తంబూరా సన్నగా మోగడం మొదలైంది. దాని దగ్గర ఎవరూ లేరు. ఎగ్జామినర్ గారు కళ్లు తెరిచి అటే చూస్తూ ఉండిపోయారు. కరెంట్ వచ్చేదాకా అన్న శ్రుతి తప్పలేదు.

స్వరం సరిగ్గా కలిస్తే తాకని తీగ కూడా కంపిస్తుందని మా థియరీ పేపర్‌లోనే ఉన్నది. బయటికి వచ్చాక అదే వివరించాను. ఆయన ఓపికగా విన్నారు.

"గది నిజమే తమ్మీ. గానీ నిన్న పొద్దుమీకి క్లాసయినంక ఆ తీగలు వదులు జేసింది నేనే గదా."

పాసయ్యారు. టీచర్ అయ్యారు. కళాశాల వారు ఆ పాత తంబూరాను తీసేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నారు.

మొన్న దవాఖానాలో చేరబోతూ దాన్ని ఆటోలో మా ఇంటికి తెచ్చారు. నా కళ్ల ముందే తీగలు వదులు చేశారు. తాను వచ్చేదాకా ముట్టవద్దని, జర పండుకోనియ్యమని చెప్పి వెళ్లారు.

నిన్న అది మోగినప్పుడు మా ఆవిడ కూడా వంటింట్లో నుంచి వచ్చి నిలబడింది.

ఫోన్ పెట్టేసి తొడుగు తీశాను.

తీగలు బిగిసి ఉన్నాయి.

మీటి చూశాను. ఆయన పాడే శ్రుతే.

మా ఇంట్లో తంబూరా బిగించడం తెలిసినవాడిని నేనొక్కడినే. నేను ముట్టలేదు.

థియరీ పేపర్‌లో దీనికి జవాబు లేదు.

ఇవాళ సమాధుల తోట నుంచి వచ్చాక, ఒక్కొక్క తీగనూ నెమ్మదిగా వదులు చేశాను. తొడుగు వేశాను. చివరగా వెళ్లేవారి పని ఈసారి నాకు మిగిలింది.

పడుకోండి అన్నా. ప్రభువు సన్నిధిలో మీ రెండు చెవులకూ శాంతి కలగాలి.