సుజాత పాస్‌వర్డ్ ఇవ్వలేదు

ఈ రోజు మారేడ్‌పల్లిలోని మా ఆఫీసులో ఆసుపత్రుల మెసేజీలను బ్లడ్ బ్యాంకుకు చేరవేసే సాఫ్ట్‌వేర్ (మెసేజ్ బ్రోకర్) మొరాయించింది. రక్తం కావాలంటూ ఆసుపత్రులు పంపిన మెసేజీలన్నీ క్యూలోనే నిలిచిపోయాయి. బ్లడ్ బ్యాంకు లాగిన్‌ను సర్వర్ ఒప్పుకోవడం లేదు.

"సుజాతా, వాళ్లకు మన అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చెయ్. పరేషానీ ఖతం," అన్నారు మేనేజర్.

నా పక్క సీటు సుజాత తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్, రోగుల వివరాలన్నీ బయటపడ్తయ్. వాళ్ల క్యూ వరకే కొత్త లాగిన్ చేస్తున్న. అప్పటిదాంక మీరు జెర ఆ మెసేజీలు వాళ్లకు ఫోన్ల చదివి చెప్పున్రి," అంటూ ఆయన చేతికి రిసీవర్ అందించింది.

ఆయన ఒక్కో పేరూ, గ్రూపూ చదివారు. కాసేపటికి క్యూ కదిలింది. ఎవరికీ రక్తం ఆలస్యం కాలేదు.

నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. మీ ఆఫీసులో మేనేజర్‌కు పని పురమాయించే ధీరులున్నారా?