బిందెలిచ్చి తెచ్చిన తీగ

విడవలూరు పొలాలకు కరెంటు వచ్చిన కొత్త. మా బావ బావి దగ్గర మోటారు పెట్టించాడు. వరి పాలు పోసుకునే వేళకు అది కాస్తా కాలిపోయింది. "తీగ తెచ్చిస్తే చుట్టిస్తా. నా దగ్గర మూరెడు కూడా లేదు," అన్నాడు మోటారు మిస్త్రీ. ఊరూరా స్తంభాలు లేస్తున్నాయి, బజార్లో రాగి మాయమవుతోంది. నీళ్లాగితే పంటంతా తాలే.

తీగ పని నేను మీదేసుకున్నాను. కోవూరులో మాది రాగి, ఇత్తడి సామాన్ల అంగడి. బేరంలో నన్ను మించినవాడు లేడని పేరు; ఆ పేరు పెట్టుకున్నది నేనే.

నెల్లూరులో మోటారు సామాన్లమ్మే షావుకారు దగ్గర ఒకే ఒక్క తీగ చుట్ట కనబడింది. మా ఇంటి పద్ధతిలో పెదవి విరిచాను.

"ఇదేం తీగన్నా, గుడ్డలారేసుకోను కూడా పనికిరాదే!"

చెప్పులేసుకుని మెట్లు దిగాను. కొనేవాడు నాలుగడుగులేస్తే అమ్మేవాడు వెనక్కి పిలవాలి, అది అంగళ్ల మర్యాద. వీధి మలుపు దాకా నడిచాను. చెప్పులో లేని రాయిని దులిపాను. ఎవరూ పిలవలేదు.

సిగ్గు చంపుకుని తిరిగి వెళ్తే, చుట్ట రైసుమిల్లు మనిషి చంకలో ఉంది.

"పిలవలేదేమన్నా?"

"పిలిచే కాలం పోయినాది నాయనా. ఇప్పుడు మీరే మమ్మల్ని పిలవాల," అని నవ్వాడు.

లోపల ఇంకో చుట్ట ఉందట. రూపాయలకు ఇవ్వడట. తీగకు రెట్టింపు తూకం పాత రాగి తెచ్చి పోయాలట.

"ఇది దోపిడీ కాదా?"

"మీ అంగట్లో పాత బిందె మార్చుకునేవాళ్లకు మీరు కట్టే తూకమేంది?"

కోవూరు తిరిగొచ్చి నాన్నకు చెప్పాను.

పాత రాగి ఇంట్లో ఎప్పుడో అయిపోయింది. నాన్న అమ్మకానికి పెట్టిన కొత్త బిందెలు బండికెత్తాడు. షావుకారు వాటికీ వంక పెట్టాడు. కొత్త సరుకైతే సర్కారుకు లెక్క చెప్పాలట, అణగ్గొట్టి ఇస్తేనే పాతదట. బిందె మీద గోరు గీత పడితే మమ్మల్ని చంపేసే నాన్న, నడివీధిలో సుత్తి పట్టుకుని ఒక్కో బిందెనూ కొట్టాడు. "ఇంకొంచెం అణచండి," అంటూ షావుకారు పక్కనే నిలబడ్డాడు.

తీగ చేతికొచ్చి, మిస్త్రీ చుట్టేసరికి వారం పట్టింది. మోటారు తిరిగింది. పల్లపు మడి బతికింది. మిట్ట మడి అప్పటికే పోయింది.

బావ ఆ వెన్నులు అరచేతిలో నలిపి ఊదాడు. పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వు పోయిన మొదటి రోజే రెండో చుట్ట లోపల ఉండిందా?"

"ఉండింది బావా."

ఆ పూట మా బావ షావుకారును తిట్టిన తిట్లలో సగం నాకు కొత్తవి. మిగతా సగం నేనందించాను.