కాక కట్టిన గుమ్మడికాయ

మా కాక పోయాడని చెప్పింది ఆయన భార్య చిన్నమ్మే. దసరా వెళ్ళిన వారానికి, సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను డ్యూటీ దిగి బూట్లు విప్పుకుంటుంటే వచ్చింది ఆ ఫోన్. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. “తలకొరివి మా అన్న కొడుకు పెట్టిండు బిడ్డా. పెత్రమాస మొన్ననే ఎల్లిపాయె. ఇగ ఏడాది దాక ఆయన పేరు మీద గింజ ఇచ్చెటోడు లేడు. అటెన్క గూడ ఎవరిత్తరు? కడుపున ఒక్కడన్న పుట్టకపాయె.”

“రంది పెట్టుకోకు చిన్నమ్మా. ఇక్కడ ఇంకో దినం ఉన్నది. నేనిత్త,” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మీకూ అర్థం కాదని తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాడు. జగిత్యాల దిక్కు మనిషి, మాదీ అటే, అందుకని కాక, అంటే చిన్నాన్న, అయ్యాడు. విదేశీ ఇంజనీర్ల కుటుంబాలు ఉండే కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ మేస్త్రి ఆయన, నేను ఎలక్ట్రీషియన్‌ని. ఏ గోడనైనా వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాకే సుత్తి ముట్టేవాడు. అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిపి, వచ్చినా రాకపోయినా ఒకే ధీమాతో మాట్లాడేవాడు. నువ్వులూ బెల్లం దంచి ముద్దలు కట్టి పాలపొడి డబ్బాలో దాచేవాడు. మా గదికి ఎవడు ఏ గోడు మోసుకొచ్చినా ముందు ఆ డబ్బా మూత తీసి, “ముందు నోట్లె ఏసుకో. అటెన్క చెప్పు నీ కథ,” అనేవాడు. తిన్నాక సగం మంది కథ మరిచిపోయేవారు.

కువైట్‌లో ఇరాక్ సైన్యం దిగిన ఏడాది మా బాపు పోయాడు. అది యుద్ధం మాటే లేని ఎండాకాలం మొదట్లో. దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం దొరక్క పోలేకపోయాను. పెత్రమాసకైనా వచ్చి నీ చేత్తో బియ్యం ఇయ్యాలె బిడ్డా అని అవ్వ, మా అమ్మ, కబురు పెట్టింది. మా వైపు భాద్రపద అమావాస్య నాడు, ఆకులో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ పెట్టి పోయినవాళ్ళ పేరు చెప్పి పూజలు చేయించే అయ్యగారికి ఇస్తాం. కొడుకు చేతి మీదుగా ఇచ్చిందే పెద్దలకు ముట్టుతుందని అవ్వ నమ్మకం, నా నమ్మకమూ అదే. సెలవు మంజూరైంది కూడా. అంతలో సరిహద్దు గొడవ మొదలైంది. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకుని జెడ్డా వెళ్ళిపోయాడు. పెత్రమాస వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాత నాకు అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అక్కడ బాపు ఆకలిగా ఉన్నాడనే అనిపించేది.

అక్టోబర్ చివర్లో ఒక మధ్యాహ్నం, కాంపౌండ్‌లో ఉండే ఐర్లండు మేడం కాకను పిలిచింది. బండి నిండా గుమ్మడికాయలు చూపించి, వీటికి భయం పుట్టేలా మొహాలు పెట్టి ప్రతి గుమ్మం దగ్గరా ఉంచాలని చెప్పింది. కాక తల ఊపి, “మాఫీ ముష్కిల్ మేడం,” అన్నాడు. ఇబ్బందే లేదని దానర్థం.

సాయంత్రానికి పని పూర్తయింది. కాక ఏ ఒక్క కాయనూ కోయలేదు. పెయింట్ డబ్బాలు తెప్పించి ప్రతి కాయకూ ఎర్ర నాలుక, తెల్ల కోరలు, మెలితిప్పిన మీసాలు గీసి, తాడుతో గుమ్మానికి పైన వేలాడదీశాడు. కరీంనగర్‌లో కొత్త ఇంటికి దిష్టి తగలకుండా కడతామే, అచ్చం అలాగే. మేడం వచ్చి తలెత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. కాక మాత్రం ఆమె మెచ్చుకుంటోందనే అనుకుని మీసం సవరించుకున్నాడు.

తర్వాత మేడం మెట్ల మీద కూర్చుని, ఎల్లుండి రాత్రి వాళ్ళకు పండుగని, దాని సంగతి చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషుతో నేను కాకకు తెలుగులో చెప్పాను. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి, చచ్చిపోయినవాళ్ళు తమ ఇళ్ళు వెతుక్కుంటూ వస్తారని వాళ్ళ పాతకాలపువాళ్ళు నమ్మేవారట. వాళ్ళలో చెడ్డవాళ్ళూ ఉంటారు కాబట్టి కాయను తొలిచి, మొహం చెక్కి, లోపల దీపం పెట్టి బెదరగొట్టేవారు. ఆమె నాయనమ్మ కాలంలో గుమ్మడికాయలు కావట, ఇక్కడ షవర్మాలో గులాబీ రంగు ఊరగాయగా వస్తుందే, ఆ టర్నిప్ దుంపనే చెక్కేవారట. దయ్యాలు తమలో ఒకడనుకుని వదిలేస్తాయని మనుషులు ముసుగులు వేసుకునేవారు. పిల్లలు ఇప్పుడు ఇంటింటికీ తిరిగి మిఠాయి అడుగుతారు గానీ, వెనకటికి పేదవాళ్ళు వచ్చేవారట. ఇంటివాళ్ళు తమలో పోయినవాళ్ళ పేరు మీద చిన్న చిన్న రొట్టెలు పెట్టి పంపేవారు.

చివరి మాట చెప్పగానే కాక లేచి నిలబడ్డాడు. “గదే గదరా మన పెత్రమాస! ఆళ్ళకు అయ్యగారు లేడు, పిల్లలున్నరు. గంతే తేడా.” నా భుజం పట్టి గట్టిగా కుదిపాడు. “మీ బాపు పేరు మీద ఎల్లుండి నువ్వియ్యి. ముట్టుతదా ముట్టదా అని నన్నడుగకు. ఆకలైనోడు తలుపు కొట్టి చెయ్యి సాపితే ముట్టకపోవుడు ఉండదు.”

పండుగ రోజు మా గది గుమ్మానికి కూడా మీసాల గుమ్మడికాయ కట్టాడు. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక కాంపౌండ్ గోడ లోపల పిల్లల కేకలు మొదలయ్యాయి. పనివాళ్ళ గదుల వైపు ఎవరొస్తారని నాకు అనుమానం. ఆ కాయను చూసి వచ్చారు. దుప్పటి కప్పుకున్న ఒక చిన్న దయ్యం నా ముందు రెండు చేతులూ చాపింది. బాపు పేరు, మా ఇంటిపేరు మనసులో చెప్పుకుని నువ్వుల ముద్ద పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాక వెనకనుంచి, “ఇంకోటి పెట్టు. మీ బాపు ఒక్క ముద్దతోని లేసెటోడేనా?” అన్నాడు. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

జనవరిలో యుద్ధం వచ్చింది. కాంపౌండ్‌వాళ్ళు మాకూ విషవాయువు సోకకుండా మాస్కులు ఇచ్చారు. సైరన్ మోగితే అందరం వాటిని తగిలించుకుని, కిటికీలకు టేపు అంటించిన గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. ఒకరి ఊపిరి ఒకరికి బుస్సుమని వినపడేది. ఒకసారి సైరన్ ఇంకా మోగుతుండగానే కాక మాస్కు నుదుటి మీదికి ఎత్తి, డబ్బా తీసి ముద్ద నోట్లో వేసుకున్నాడు. మేమంతా అరిచాం. తీరిగ్గా నమిలి మింగి, “సచ్చేదుంటే తిని సత్త. తినకుంట పోతె పెత్రమాసకు నన్ను ఎవడు సాకుతడు?” అని మళ్ళీ మాస్కు దించాడు. భయంతో బిగుసుకుపోయినవాళ్ళం మాస్కుల్లోనే నవ్వాం. పిల్లల్లేని బాధ ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే, అదీ నవ్విస్తూనే.

యుద్ధం తర్వాత ఐర్లండు మేడం వాళ్ళు వెళ్ళిపోయారు, కొత్త కుటుంబాలు వచ్చాయి. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు కాక ఏటా ఆ గుమ్మడికాయ కట్టాడు. పని మానేసి ఊరికి వెళ్ళేటప్పుడు బ్రష్షూ పాలపొడి డబ్బా నాకు ఇచ్చి వెళ్ళాడు. బతకడం ఎలాగో నాకు చెప్పి చూపించినవాళ్ళలో బాపు తర్వాత ఆయనే. ఆ మాట ఆయన ఉండగా చెప్పి ఉంటే, ముందు నోట్లె ఏసుకో అనేవాడేమో.

మొన్న ఆ సాయంత్రం రానే వచ్చింది. కాయకు కోరలు గీశాను. మీసం ఆయన గీసినంత బాగా రాలేదు. తలుపు తెరిచి కూర్చున్నాను. చాలాసేపటికి ఒక చిన్నపిల్ల వచ్చి, పైన వేలాడుతున్న మీసాలను చూసి కాస్త జంకి, చేతులు చాపింది. మొహానికి దయ్యం ముసుగు ఉంది. కాక పేరు, ఆయన ఇంటిపేరు ఈసారి పైకే చెప్పాను. ముద్ద పెట్టాను. ఆ పిల్ల అక్కడే నిలబడి, ముసుగు నుదుటి మీదికి ఎత్తి, ముద్ద నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి మింగి, మళ్ళీ ముసుగు దించుకుంది.