ఖాళీగా కనిపించే దారి

మీ ఆడబిడ్డ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా వదిన ఒకటే మాట చెప్తుంది. "పొద్దంతా కంప్యూటర్ ముంగట కూసుని కొట్లాడతది. దానికి మళ్ళ జీతం కూడా ఇస్తరు." వినగానే ఒళ్ళు మండుతుంది గానీ కాదని చెప్పలేను.

ఫోన్‌లో మనం మాట్లాడే మాట అవతలి మనిషికి చేరడానికి చాలా దారులుంటాయి. ఏ దారి బాగుందో, ఏది కిక్కిరిసి ఉందో నెట్‌వర్క్‌కి తెలుస్తుంది, మన చేతిలోని యాప్‌కి తెలియదు. ఆ సంగతి యాప్ అడిగి తెలుసుకుని మంచి దారి ఎంచుకోవాలంటే ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలు కావాలి. అవి రాసే బృందంలో నేనొకదాన్ని. నియమమంటే ఒక్కో వాక్యం. ఆ ఒక్కో వాక్యానికీ నెలల తరబడి తగువు. శబరి ఒడ్డున మా ఊరు కుంటలో మా అన్న చింతపండు, ఇప్పపువ్వు కొనే దుకాణం మీది గదిలో కూర్చుని, సముద్రాల అవతలి వాళ్ళతో నేను పెట్టుకునే తగువు అదే.

ఆ రోజు తగువు నా వాక్యం మీదే. "ఒక దారి గురించి కొంతసేపటిగా ఏ కబురూ లేకపోతే అది బాగుందని అనుకోకూడదు. తెలియదు అనే అనుకోవాలి." ఇందులో తప్పేముందని నా వాదన. బృందంలో అందరికంటే పెద్దాయన మాత్రం పట్టు వదలలేదు. తెలియదని చెప్తే యాప్ బెదిరిపోయి చుట్టుదారి పడుతుందనీ, ఆ ఆలస్యానికి ఎవరు జవాబు చెప్తారనీ ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోగా కింది నుంచి అన్న కేక వినిపించింది.

వదినకి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల వ్యవధి ఉందనుకున్నాం. పరుగున వచ్చిన ఊరి నర్సు కడుపు మీద చెయ్యివేసి చూసి, బిడ్డ కాళ్ళు కిందికున్నాయనీ, ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపోవాలనీ చెప్పింది. అంబులెన్స్ అప్పటికే ఇంకో ఊరికి పోయింది. అన్న జీపు తీశాడు. వానలు నాలుగు రోజులుగా ఆగలేదు. అటు గోదావరి నిండితే శబరి నీళ్ళు పోయే చోటు లేక వెనక్కి తన్ని రోడ్డెక్కుతాయి. మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే.

పోతే భద్రాచలం పోవాలి, లేదా జగదల్‌పూర్ పోవాలి. భద్రాచలం దగ్గర, వదిన మొదటి నుంచీ చూపించుకున్న డాక్టరమ్మ అక్కడే. జగదల్‌పూర్ అంతకు రెండింతలు దూరం. అన్న ఫోన్‌లో మ్యాప్ తెరిచి నా మొహం ముందు పెట్టాడు. భద్రాచలం దాకా నీలం గీత, ఎక్కడా ఎరుపు లేదు.

"చూసినవా చెల్లె, తోవంత ఖాళీగుంది."

రోడ్డు మీద పోయే వాళ్ళ ఫోన్లను బట్టి మ్యాప్ రద్దీ లెక్క కడుతుంది. ఎవరూ పోకపోతే రద్దీ లేదు. మునిగిన రోడ్డయినా, ఖాళీ రోడ్డయినా దానికి ఒకటే నీలం. అంతవరకూ మీది గదిలో నేను గొంతు చించుకున్నది దీని గురించే. అది ఇప్పుడు మా జీపులోకే వచ్చి కూర్చుంది.

"ఖాళీ కాదన్నా. ఎవరూ పోతలేరు."

"పోతలేరని నీకు ఎవరు చెప్పిన్రు?"

వరద రోజుల్లో మా కుంట వ్యాపారస్తులు రోడ్డు ఉందా అని అడగరు. ఆ తోవన ఎవరొచ్చారని అడుగుతారు. వచ్చినవాడు కనిపిస్తే చాలు, సరుకు బండెక్కిస్తారు. అన్న కూడా జీపుని చెక్‌పోస్టు దగ్గరి చాయ్ దుకాణానికే పోనిచ్చాడు. అక్కడ భద్రాచలం తోవలోని చింతూరు వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ రోడ్డు బాగానే ఉందన్నాడు. అన్న మొహం తేటపడింది.

"ఇగ పోదాం పా."

నేను దిగి లారీ కిందికి వంగి చూశాను. చక్రాల పైన అంటిన బురద ఎండి పెచ్చులు కట్టింది.

"ఎప్పుడొచ్చినవ్ అన్నా?" అని డ్రైవర్‌ని అడిగాను.

"పొద్దుగాల. తెల్లారక ముందే."

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. తెల్లవారుజామున ఉన్న శబరి ఇప్పుడు లేదు. అంతలో జగదల్‌పూర్ తోవలోని సుక్మా వైపు నుంచి బస్సొకటి నీళ్ళు కారుతూ వచ్చి ఆగింది. వాగు పొంగుతోందనీ, బండి మాత్రం దాటుతుందనీ కండక్టర్ చెప్పాడు. ఆ కబురు అప్పుడే వచ్చిన కబురు. నేను జగదల్‌పూర్ అన్నాను. అన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంత దూరమా? నడుమ ఏమన్న అయితే నువ్వు జవాబు చెప్తవా?"

మీది గదిలో ఆ పెద్దాయన అడిగింది కూడా ఇదే. భయమేసింది. అయినా తగ్గకుండా అరిచాను. అన్న అంతకంటే గట్టిగా అరిచాడు. వానలో నిలబడి ఇద్దరం నీలం గీత, ఎండిన బురద అని వాదులాడుకుంటూ ఉండగా జీపు లోపలి నుంచి తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

"ఏందయ్యా మీ పంచాయితీ! కడుపు నాది. నన్ను అడగరా?"

ఇద్దరం జీపు దగ్గరికి పరుగెత్తాం. వదిన నొప్పి తగ్గేదాకా సీటు పట్టుకుని కళ్ళు మూసుకుని, తర్వాత మాట్లాడింది.

"ఇది పెద్దాసుపత్రి దాకా ఆగది, నాకు తెలుస్తుంది. భద్రాచలం తోవన నీళ్ళ నడుమ ఆగితే నాకు ఎవరున్నరు? ఇటు పోతే ఎర్రబోర్ ఉంది, దోర్నాపాల్ ఉంది, సుక్మా ఉంది. ఏడ ఆగినా ఆడోళ్ళుంటరు, నర్సుంటది. ఇటే పోనీ."

అన్న బండి తిప్పాడు. నేను వెనక సీట్లో వదిన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా నియమాల్లో యాప్ ఏం కావాలని అడగవచ్చో రాసుకున్నాం. వేగం కావాలనవచ్చు, ఖర్చు తక్కువ కావాలనవచ్చు, తెగకుండా ఉండాలనవచ్చు. మధ్యలో తెగిపోతే పట్టుకునేవాళ్ళున్న దారి కావాలని అడిగే వీలు మాత్రం ఎక్కడా లేదు. అంతమంది చదువుకున్నవాళ్ళం, మాకెవరికీ అది తట్టలేదు.

ఎర్రబోర్ దాటాక వాగు కల్వర్టు మీదుగా పారుతోంది. అన్న బండి ఆపలేదు. నీళ్ళు తలుపు కింది నుంచి లోపలికొచ్చి నా చెప్పులు తడిశాయి. వదిన నా మణికట్టు పట్టుకున్న పట్టుకి చెయ్యి తిమ్మిరెక్కింది. దోర్నాపాల్ పొలిమేరలో "ఇగ ఆగది" అంది.

అక్కడి ఆసుపత్రిలో సిస్టర్ ఒక్కతే ఉంది. వదినని చూడగానే గుర్తుపట్టింది, మా దుకాణానికి ఇప్పపువ్వు తెచ్చే ఊరి మనిషట. హిందీలో ఒక మాట, గోండిలో ఒక మాట, తెలుగులో ఒక మాట కలిపి వదినని కసురుతూ బుజ్జగిస్తూ ఉంది. కాళ్ళు వచ్చాయి, నడుము వచ్చింది, తల రాలేదు. సిస్టర్ మాట ఆగిపోయింది. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తు లేదు. తల వచ్చాక కూడా పిల్ల ఏడవలేదు. సిస్టర్ వీపు రుద్దింది, ముక్కు తుడిచింది, మళ్ళీ రుద్దింది. చివరికి పిల్లి కూన లాగా సన్నగా ఒక ఏడుపు. బయట గోడకానుకుని నిలబడ్డ అన్న అక్కడే చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ సాయంత్రం భద్రాచలం తోవన జీపొకటి దాటిందని కొందరన్నారు. దాని వెనక వచ్చిన బస్సు మాత్రం తిరిగి వెళ్ళిపోయిందట. మేం పోయి ఉంటే జీపయ్యేవాళ్ళమా, బస్సయ్యేవాళ్ళమా నాకు తెలియదు. వదిన ఆ ఊసే ఎత్తలేదు.

తర్వాతి సమావేశంలో నేను ఈ కథంతా చెప్పి, మధ్యలో ఆగితే ఆదుకునే దారి కావాలని యాప్ అడగగలగాలని ఒక పేరా పెట్టాను. పెద్దాయన మనస్ఫూర్తిగా శుభాకాంక్షలు చెప్పాడు. ఆ వెంటనే, ఇలాంటి అవసరం ఎంతమందికి ఉంటుంది, దీన్ని కొలిచేదెలా, పక్కన పెడదాం అన్నాడు. ఇంకొందరు తలలూపారు. పక్కనే పిల్లకి పాలిస్తున్న వదిన, ఏందంటున్నరని అడిగింది. చెప్పాను.

"వాళ్ళల్ల పిల్లల్ని కన్నోళ్ళు ఎవరన్న ఉన్నరా, అడుగు."

మైకు తెరిచే ఉందని నేను చూసుకోలేదు. ఆవిడ ఏమంటోందని పెద్దాయన అడిగాడు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. ఇక ఈ పేరా పోయినట్టేననుకున్నాను. అప్పుడు, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా నోరు విప్పని ఒకావిడ కెమెరా తెరిచింది. తను ఇద్దర్ని కన్నాననీ, రెండోవాడు దారిలోనే పుట్టాడనీ చెప్పి, ఆ పేరా తీసెయ్యొద్దు, నేనూ నీతో కలిసి రాస్తాను అంది.